ఆకాశం ముక్క

చీటీ విప్పి చూడగానే పెద్దకోడలి మొహం మాడిపోయింది.

ఆ ఊరి కళాకారుల సంఘానికి ఒక పద్ధతి ఉంది. ప్రదర్శనలో ఎవరి పని గురించి వాళ్ళు మాట్లాడకూడదు. మొదట్లో అందరూ ఎవరి బొమ్మకు వాళ్ళు బంకలా అతుక్కుపోయి, వచ్చినవాళ్ళను చెయ్యి పట్టుకుని ఆపి మరీ తమ గొప్పలు చెప్పుకుంటుంటే, జనం రెండో గది చూడకుండానే ఇళ్ళకు పారిపోయారట. అప్పటినుంచి చీటీలు వెయ్యడం మొదలుపెట్టారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్ళ పని పక్కన నిలబడాలి. అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పాలి. తన బొమ్మ వైపు మాత్రం ప్రదర్శన ముగిసేదాకా పోకూడదు.

పెద్దకోడలి చీటీలో ఉన్నది ఆమె తోడికోడలి పేరు.

"ఇది మార్చుకోవచ్చాండీ?" అని ప్రెసిడెంటుగారిని అడిగింది, వీలైనంత మామూలుగా.

ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వాడేసిన స్టాంపులు అతికించి ఊళ్ళోని పాత భవనాలన్నీ అట్టమీదికి దింపుతుంటాడు. "ఒకరి ఉత్తరం ఇంకొకరింట్లో వేసే అలవాటు సర్వీసులోనే లేదమ్మా నాకు, ఇప్పుడేం నేర్చుకుంటాను?" అని నవ్వేసి తన టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. చీటీలు వేసింది ఆ టోపీలోనే.

పెద్దకోడలి బొమ్మ వెల్డరు వంతుకు వచ్చింది. ఇనప ముక్కలతో పిట్టల్ని చేసే మనిషి. నోట్లోంచి మాట రావాలంటే టీ పోసి బతిమాలాలి.

"ఏం చెప్పమంటారండీ మీ బొమ్మ గురించి?" అని అడిగాడతను భయంగా.

"చూస్తే తెలుస్తుంది కదా, చూసి చెప్పండి" అంది. ఆ మాట అన్నందుకు తరవాత రోజంతా నాలిక కరుచుకుంది.

* * *

ఈ ఇద్దరు కోడళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో కాపురం చేస్తున్నారు. అత్తగారి నోరు ఊరుకునే నోరు కాదు. పెద్దకోడలికి కుంచెమ్మ అనీ, చిన్నకోడలికి సూదమ్మ అనీ పేర్లు పెట్టింది ఆవిడే. ఒకరి మీద కోపమొస్తే రెండోవాళ్ళను ఆ పేరుతో పిలుస్తుంది.

పెద్దకోడలు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఆమె పుట్టింట్లో స్కూలు దాటి చదివిన మొదటి మనిషి ఆమే. బొమ్మలు గియ్యడానికి కూడా చదువా అని తండ్రి నవ్వితే పంతం పట్టి మరీ నేర్చుకుంది. పెళ్ళై ఈ ఇంటికొచ్చాక మిద్దె మీది గదిలో ఒక మూల టేబుల్ వేసుకుని, స్కూలూ వంటా అయ్యాక బొమ్మలు వేసేది. ఆమె కుంచె పట్టుకుంటే ఇంట్లో గొంతులు తగ్గేవి. ఆ వీధిలో ఎవరైనా దారి అడిగితే "బొమ్మల టీచరుగారిల్లు తెలుసు కదా, దాని పక్కనే" అని చెప్పేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమెకు కడుపు నిండిపోయేది.

చిన్నకోడలు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని చొక్కాలు, స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు కుడుతుంది. మిగిలిన ముక్కలు పారెయ్యడానికి మనసు రాక గోనెసంచిలో దాచేది. ఒకసారి పని తక్కువగా ఉన్న రోజుల్లో ఆ ముక్కలు అతికించి తమ వీధిని కుట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు, ముచ్చటపడ్డారు. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది పెద్దకోడలే. పక్కన కూచోబెట్టుకుని, దూరంగా ఉన్నవి చిన్నవిగానూ దగ్గరున్నవి పెద్దవిగానూ పెట్టాలని ఓపిగ్గా చెప్పింది కూడా.

"అంత చిన్నవైతే చేతికి దొరకవక్కా, కుట్టు ఊడిపోతుంది" అంది చిన్నకోడలు. కాబట్టి ఆమె ఊళ్ళో చివరి ఇల్లూ మొదటి ఇల్లూ ఒకటే సైజు.

ఇలాంటిదాన్ని చూసి భయపడాల్సిన పనేముంది? పెద్దకోడలూ అలాగే అనుకుంది. కానీ ఒకరోజు స్కూలు నుంచి వస్తుంటే, వీధి మొదట్లో ఎవరికో దారి చెబుతున్న కిరాణా కొట్టాయన మాట వినబడింది. "గుడ్డబొమ్మలావిడ ఇంటి పక్కనేనండీ. తిన్నగా వెళ్ళండి."

ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. పప్పులో ఉప్పెక్కువైందంది. పప్పు వండింది తనే.

ఇక ఈ ఏడాది సంగతి. మన ఊరంటే ఏమిటో ఎవరికి తోచినట్టు వాళ్ళు చూపించాలని సంఘం అనుకుంది. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ప్రదర్శన. దానికి తోడు, స్టేషన్‌మాస్టరమ్మ వచ్చి రైల్వేస్టేషను వెయిటింగ్ హాలులో ఒక గోడ ఇస్తానంది. జనానికి నచ్చిన పని ఏదో ఒక్కటి ఆ గోడమీద శాశ్వతంగా ఉంటుంది. కింద చేసినవాళ్ళ పేరు. ఎవరికి ఏది నచ్చిందో తేల్చడానికి, లోపలికొచ్చే ప్రతి మనిషి చేతిలోనూ ఒక గులకరాయి పెడతారు. నచ్చిన పని ముందున్న కుండలో ఆ రాయి వేసి వెళ్ళాలి.

పెద్దకోడలికి ఆ గోడ కలలోకి కూడా వచ్చింది. బండి కోసం ఎదురుచూస్తూ జనం తలెత్తి తన బొమ్మ చూస్తారు. ఊరు విడిచిపోయేవాళ్ళు చివరగా చూసేదీ, వచ్చేవాళ్ళు మొదట చూసేదీ అదే. కింద తన పేరు. స్కూలయ్యాక రోజూ రైలుగేటు మీది వంతెన ఎక్కి, సాయంత్రం వెలుగులో ఊరు ఎలా ఉంటుందో చూసి వచ్చి వేసింది. ఒక్క ఆకాశం కోసమే ఎన్ని రంగులు కలిపి చెరిపేసిందో! చివరికి గీత గీతా లెక్క తప్పకుండా వచ్చింది బొమ్మ.

చిన్నకోడలు కూడా ప్రదర్శనకు పేరిచ్చిందని తెలిశాక పెద్దకోడలి భర్త తల పట్టుకున్నాడు. "నేనిప్పుడు ఏమని మొక్కుకోవాలి? నువ్వు గెలవాలనా, ఇల్లు నిలవాలనా?"

"ఏదో ఒకటి మొక్కుకోండి, నోరు మాత్రం మూసుకోండి" అంది పెద్దకోడలు.

* * *

ఐసు ఫ్యాక్టరీ గోడలు మందం. బయట ఎండ మండుతున్నా లోపల నేల అరికాళ్ళకు చల్లగా తగులుతుంది. ఒకప్పుడు దిమ్మలు లాగడానికి వాడిన కొక్కేలకు ఇప్పుడు బొమ్మలు వేలాడుతున్నాయి. చిన్నకోడలి గుడ్డ ఊరు ఒక గోడ నిండా పరుచుకుంది. కాలువ, బజారు, బస్సుల షెడ్డు, స్కూలు, వరసగా ఇళ్ళు, వాటన్నిటి మీదా ఆకాశం. పెద్దకోడలి బొమ్మ హాలుకు అటు చివర ఉంది. ఆమె నిలబడ్డ చోటికి దాని చట్రం అంచు, వెల్డరు వీపు మాత్రమే కనబడుతున్నాయి.

చిన్నకోడలికి ప్రెసిడెంటుగారి స్టాంపుల భవనాలు వచ్చాయి. పక్కగదిలో నవ్వుతూ తుళ్ళుతూ ఏదో చెబుతోంది. ఆమె మాట వినబడినప్పుడల్లా పెద్దకోడలు పళ్ళు బిగపట్టింది.

ఉన్నదున్నట్టు చెప్పాలన్నారు కదా, సరే, అనుకుంది. ఉన్నదున్నట్టే చెబుతాను.

మొదట వచ్చిన జంటతో, "ఇదంతా పాత గుడ్డలండీ. కొత్తది ఒక్కటీ లేదు. కొట్లో మిగిలిపోయిన ముక్కలు" అంది.

"అవునా!" అని ఆవిడ ఇంకో అడుగు దగ్గరికేసింది. "ఈ ముక్క ఏమిటండీ, కాలువ?"

"అది మా మామగారి పాత చొక్కా. చూడండి, చెమట మరక కూడా సరిగ్గా పోలేదు."

"మరకే కదండీ నీళ్ళు కదిలినట్టుంది!" అన్నాడు భర్త. ఇద్దరి రాళ్ళూ టకటకా కుండలో పడ్డాయి.

ఇలా కాదనుకుంది పెద్దకోడలు. తరవాత వచ్చినవాళ్ళకు చుట్టుతిరుగుడు లేకుండా చెప్పింది. "లెక్క ప్రకారం చూస్తే ఇది తప్పండీ. దూరపు ఇళ్ళు చిన్నగా ఉండాలి. ఇక్కడ అన్నీ ఒకటే ఎత్తు."

"మంచిదేగా టీచరుగారూ" అన్నాడు బస్సు డ్రైవరొకాయన. "మాది ఊరి చివరిల్లు. ఏ బొమ్మలోనూ అగ్గిపెట్టె కంటే పెద్దగా రాలేదు పాపం. ఇందులో మేయరు ఇంటికి సమానంగా కూచుంది."

వెనకాల ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. అంతలో ఒకామె గోడకు మొహం ఆనించినంత దగ్గరికెళ్ళి కేకపెట్టింది. "ఇది మా ఇంటి కర్టెనే! మా వీధి మీద మా కర్టెనే వేసిందే మీ చెల్లెలు!" ఆ కేకతో జనానికి కిటుకు తెలిసిపోయింది. చిన్నకోడలి దగ్గర ఎప్పుడో ఏదో కుట్టించుకోని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ. ప్రతివాళ్ళూ తమ ముక్క వెతుక్కోవడం మొదలుపెట్టారు. బస్సుల షెడ్డులో కండక్టరు తన యూనిఫాం గుర్తుపట్టి భార్యను పిలిచాడు. స్కూలు గోడలో తన పిల్లాడి నిక్కరు చూసి ఒకతను ఫోటో తీసుకున్నాడు.

"తప్పుకోండి టీచరుగారూ, కొంచెం అడ్డంగా ఉన్నారు" అన్నారెవరో.

పెద్దకోడలు తప్పుకుంది. ఒళ్ళు భగ్గుమంది. తక్కువ చేద్దామని చెప్పిన ప్రతి మాటా ఆ గుడ్డకు అలంకారమైపోతోంది. పోనీ నోరు మూసుకుందామంటే అడిగినవాళ్ళకు చెప్పకపోవడం నియమానికి తప్పు. ఒకసారి అటువైపు మెడ చాచి చూసింది. వెల్డరు ముందు ఇద్దరే ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు.

"పొద్దున్నే ఊరు ఇలా ఉంటుందండీ" అని అతను గొంతెత్తి చెప్పడం వినబడింది. "అప్పుడే తెల్లారుతోంది. ఎవరూ లేవలేదింకా."

పొద్దునా! నెలల తరబడి సాయంకాలం వంతెన ఎక్కి కాళ్ళు నొప్పులు తెచ్చుకుంది ఎందుకు? పరుగెత్తి అతని నోరు ముయ్యాలనిపించింది. నియమం అడ్డొచ్చింది. ముసలాయన "ఎవరూ లేవలేదు, నిజమే" అని తలూపి, చేతిలో రాయి అలాగే పట్టుకుని ఇటువైపు నడిచి వచ్చాడు.

* * *

టీ వేళకు స్టేషన్‌మాస్టరమ్మ వచ్చింది. పొడుగ్గా, యూనిఫాంలోనే ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. గుడ్డ ఊరు ముందు చాలాసేపు నిలబడి, చేయెత్తి పైకి చూపించింది.

"అన్నీ కుట్టినవే. ఇదొక్కటి మాత్రం రంగులతో వేసినట్టుంది. ఈ ఆకాశం ఎవరు వేశారండీ?"

పొద్దున్నుంచీ ఇళ్ళ మీదా కాలువల మీదా కోపంతో పెద్దకోడలు ఆకాశం వంక సరిగ్గా చూడనేలేదు. ఇప్పుడు చూసింది. బజారు కప్పుల పైన, గోడకు నట్టనడుమ, ఒక పెద్ద ముక్క. అడుగున బూడిదరంగు. దానిమీద నారింజ, అది ఎర్రగా మారి, అక్కడక్కడా కాస్త పసుపు చిందింది. సాయంత్రం ఎండ ధూళిలోంచి వచ్చినప్పుడు ఆ ఊళ్ళో ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. కళ్ళు అక్కడికే పోతున్నాయి.

ఆ గుడ్డ చివర సన్నగా రెండు నీలం గీతలున్నాయి. ఆ గీతలు ఆమెకు తెలుసు. అవి వాళ్ళింటి పాత దుప్పటి అంచు. ఆ దుప్పటి చింపి ముక్కలు చేసుకున్నది తనే. వాటితో కుంచెలు తుడుచుకుంటుంది. ఆ నారింజరంగు తను కలిపిందే, తన బొమ్మలో ఆకాశానికి సరిపోలేదని కుంచెతో తీసి గుడ్డకు రుద్ది పారేసిందే.

ఆ గీతల మీంచి చూపు తిప్పుకుంది.

"ఎవరు వేశారు?" అని మళ్ళీ అడిగింది స్టేషన్‌మాస్టరమ్మ.

"తెలీదండీ" అంది పెద్దకోడలు.

ఆ మాట అనడం పూర్తయ్యేలోపే అబద్ధమని ఆమె మొహం చెప్పేసి ఉండాలి. స్టేషన్‌మాస్టరమ్మ ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, రాయి కుండలో వేసి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు పక్కగదిలోకి వెళ్ళి, చిన్నకోడలి మోచెయ్యి పట్టుకుని, ఒకప్పుడు ఐసు దాచిన చిన్నగదిలోకి లాక్కుపోయింది.

"నా గుడ్డ నన్నడక్కుండా ఎలా తీశావే?"

చిన్నకోడలు రెప్పలార్పింది. "ఏ గుడ్డక్కా? ఆ రంగులదా? చెత్తడబ్బాలో ఉంటే తీశాను."

"చెత్తడబ్బాలో ఉంటే?"

"నువ్వు పారేసిందే కదా. పారేసింది నీదెలా అవుతుంది?"

"నేను పారేసింది కూడా నాదే!"

అరిచాక ఆమెకే వింతగా అనిపించింది. మందపాటి గోడలు ఆ అరుపును మింగేశాయి.

"సరే, నీదే" అంది చిన్నకోడలు. "అందరికీ చెప్పేస్తాను, ఆకాశం మా అక్కదని. నీ పేరు కూడా వెయ్యమంటాను. నాకేం పోయింది?"

"నోరెత్తావంటే చూడు! ఎవరికీ చెప్పకూడదు."

"అదేంటక్కా! ఇప్పుడేగా నీదన్నావు?"

పెద్దకోడలు గోడవైపు తిరిగింది. నాదని చెబితే, తను చెమటోడ్చి వేసిన బొమ్మ ముందు ఇద్దరు ముసలివాళ్ళూ, తను కుంచె తుడిచిన పీలిక ముందు ఊరంతానూ నిలబడ్డారని ఒప్పుకోవడమే. చెప్పకపోతే ఆ ఆకాశం సూదమ్మ ఖాతాలో పోతుంది. ఏ వైపు తిరిగినా ఓడిపోయేది తనే. తన చేతి మురికి మీద తనకే కుళ్ళు పుట్టే రోజొకటి వస్తుందని ఆమె ఎన్నడైనా అనుకుందా?

"చెప్పకు, అంతే" అని బయటికి నడిచింది.

* * *

పొద్దు వాలుతుండగా జనాన్నంతా హాలులో చేర్చి ప్రెసిడెంటుగారు కుండలు చూపించారు. లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. గుడ్డ ఊరు ముందున్న కుండ నిండి, రాళ్ళు నేలమీదికి పొర్లాయి. పెద్దకోడలి కుండలో రాళ్ళు అడుగు మాత్రం కప్పాయి. ఇప్పుడు నియమం తీరిపోయింది కాబట్టి ఆమె తన బొమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. దూరంగా నిలబడి ఊరక చూసింది. ప్రతి కప్పూ, ప్రతి స్తంభమూ దాని చోటున అది ఉంది. వెల్డరు పక్కకొచ్చి చేతులు నలుపుకున్నాడు.

"నాకైతే ఇదే నచ్చిందండీ. నేను రాయి వెయ్యకూడదన్నారు."

"ఇది సాయంత్రమండీ" అంది ఆమె.

"అయ్యో!" అన్నాడతను. "మరి మనుషులేరీ?"

ఆమె కోప్పడదామని నోరు తెరిచింది. బొమ్మలో మనిషి కోసం వెతికింది. తెరిచిన నోరు మూసుకుంది.

సరిగ్గా అప్పుడు మామగారి చెయ్యి పట్టుకుని అత్తగారు దిగింది. కుట్టుపనికి మొదటి చోటు వచ్చేలా ఉందని విని, కోడళ్ళిద్దరి మొహాలు ఎలా ఉన్నాయో చూద్దామని వచ్చింది. గుడ్డ ఊరు ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, హాలంతా వినబడేలా అంది.

"ఇదేమిటే సూదమ్మా! ఇది మన కుంచెమ్మ కుంచెలు తుడుచుకునే పీలిక కాదుటే? సబ్బేసి బాదినా రంగు వదలదు, పారెయ్యమని నేనే కదే చెప్పాను!"

నవ్వులు హాలు కప్పుకు తగిలి తిరిగొచ్చాయి. పెద్దకోడలికి తల తీసేసినట్టయింది. అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి.

"అయితే ఆ ఆకాశం మీరు వేసిందేనన్నమాట" అంది స్టేషన్‌మాస్టరమ్మ. ఆమె ఒక్కతే నవ్వలేదు.

పెద్దకోడలు తిన్నగా నిలబడింది. ఇన్నాళ్ళుగా పిల్లలకు పాఠం చెప్పిన గొంతు వణక్కుండా నిలబెట్టుకుంది. "కాదండీ. నేను వేసింది ఇదిగో, ఇక్కడుంది. అది నేను తుడిచింది."

"తుడిచినా మీ చెయ్యే కదా. పేరు పలక మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. నేను ఒక్క పేరుతో ఒప్పుకోను."

"నా పేరొద్దండీ" అని పెద్దకోడలు ఆ జనంలోంచి దారి చేసుకుని వెనక తలుపు వైపు నడిచింది.

వెనకాల, ఐసు దిమ్మలు లారీల్లోకి ఎక్కించిన ఎత్తు అరుగు ఉంది. దానిమీద కాళ్ళు వేలాడేసుకుని కూచుంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననుకుంది. కాసేపటికి చిన్నకోడలు వచ్చి పక్కన కూచుంది. ఆమె కూడా కాళ్ళు వేలాడేసింది.

"నేను చెప్పలేదక్కా. అత్తయ్య నోరు నీకు తెలుసు కదా."

"తెలుసులే."

"నీకు నా మీద బాగా కుళ్ళుగా ఉంది కదూ?"

ఇంత పచ్చిగా అడుగుతుందని పెద్దకోడలు అనుకోలేదు. "ఉంటే ఏం చేస్తావ్?"

"ఏం చెయ్యను. నాకూ ఉండేది." చిన్నకోడలు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "నేను కాపురానికొచ్చిన కొత్తలో నువ్వు మిద్దె మీద బొమ్మ వేస్తుంటే ఇల్లంతా ఎలా ఉండేదో నీకు తెలీదు. అత్తయ్య కూడా గిన్నెలు మెల్లిగా పెట్టేవారు. 'దాన్ని పిలవకు, బొమ్మ వేసుకుంటోంది' అనేవారు. నేను మిషను మీద కూచుంటే? 'అమ్మాయ్, తలుపు తియ్యి. అమ్మాయ్, నీళ్ళు పట్టు. అమ్మాయ్, మామయ్య మందులెక్కడున్నాయి?' ఒక్క చొక్కా చేతి కుట్టు వెయ్యడానికి నాలుగుసార్లు లేచేదాన్ని."

పెద్దకోడలు ఆమె వైపు తిరిగింది.

"మనం చేసేది కూడా బొమ్మే అయితే పిలవరేమో అనుకున్నా" అంది చిన్నకోడలు. "అందుకే మొదలుపెట్టా. ఊరి మీద ప్రేమా లేదు, గీమా లేదు. ఒక గంట ఎవరూ పిలవకూడదు. అంతే."

"పిలవడం మానేశారా?"

"ఎక్కడ! గుడ్డబొమ్మేగా, పక్కన పెట్టి రావే అంటారు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆపుకుంది. నవ్వితే ఓడిపోయినట్టుంటుంది.

"ఆ గుడ్డే ఎందుకు తీశావ్? డబ్బాలో ఇంకా బోలెడున్నాయి కదా."

"అన్నీ తీసి చూశాను. నేల మీద పరిచి ఒక్కొక్కటీ చూశాను. మిగతావాటిలో రంగులున్నాయి, అంతే. అందులో సాయంత్రం ఉంది. నువ్వు వంతెన మీంచి వచ్చి ఏ సాయంత్రం గురించి మాట్లాడేదానివో అది. పారేశావేంటా అనుకున్నా." విప్పిన చెప్పులు సరిగ్గా సర్దుకుంటూ, "దాన్ని నేను వెయ్యలేను కదక్కా. ఏరుకోగలనంతే" అంది.

ఆ మాటలో పొగడ్త ఉంది. అదే పెద్దకోడలికి గుచ్చుకుంది కూడా. తను చూసి పారేసినదాన్ని ఈ పిల్ల చూసి ఏరుకుంది. ఏది దాచుకోవాలో తెలిసిన కన్ను తనకు లేదు, దీనికుంది. ఆ విద్య ఏ స్కూల్లోనూ నేర్పరు. కుళ్ళు పోలేదు. ఎక్కడో ఉన్నది ఇంకొంచెం లోపలికి దిగి సరిగ్గా కూచుంది. కాకపోతే ఇప్పుడు దానికొక కారణముంది. వంట చేస్తున్నప్పుడూ పిల్లల నోట్‌బుక్కులు దిద్దుతున్నప్పుడూ ఎందుకో తెలియకుండా మండడం కంటే అది కాస్త నయం.

"ఆ పలక ఎవరు రాస్తున్నారు?" అని అడిగింది.

"ప్రెసిడెంటుగారు రాస్తానంటున్నారు."

"ఆయనా! ఆయన చేతిరాతకు రైలు పట్టాలు తప్పుతుంది." లేచి దులుపుకుంది. "నేను రాస్తాను పద. పేర్లు రెండూ వేస్తాను. నువ్వు అడిగావని కాదు, స్టేషన్‌మాస్టరమ్మ ఒప్పుకోనందని."

"అలాగేలే అక్కా."

లోపల జనం పలచబడ్డారు. నున్నగా రందా పట్టిన చెక్క పలక బల్లమీద పెట్టారు. పెద్దకోడలు సన్న కుంచె తీసుకుని, నల్లరంగు కలిపి, ఊపిరి బిగపట్టి మొదటి పేరు రాసింది. చిన్నకోడలి పేరు. పెద్దగా, తిన్నగా, ఏ వంకా పెట్టడానికి వీల్లేకుండా రాసింది. కింద అదే ఎత్తులో తన పేరు రాసింది. కొలబద్ద పెట్టి చూసినా తేడా రాదు.

ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. చిన్నకోడలు నేలమీది రాళ్ళు ఏరి కుండలో వేస్తోంది. అత్తగారు వెల్డరుకు ఇనప పిట్ట ముక్కు ఎలా ఉండాలో నేర్పుతోంది. ఎవరూ ఇటు చూడటం లేదు. పెద్దకోడలు కుంచె మళ్ళీ ముంచి, తన పేరు మీద మెల్లిగా ఇంకో పూత వేసింది.

"అక్కా!" వెనకాలే ఉంది చిన్నకోడలు. మెడ వంచి పలక చూస్తోంది. "నా పేరు పల్చగా ఉన్నట్టుందే?"

"తడి మీద అలాగే కనిపిస్తుంది" అంది పెద్దకోడలు. "ఆరనీ."